తంబుర కొయ్య

మా మనవరాలు గిటారు కొనుక్కుంది. దాన్ని గోడకు తగిలించుకునే కొక్కెం కూడా ఒక డబ్బాలో వచ్చింది. బిగించడానికి వచ్చిన అబ్బాయి బెజ్జం వేసే మిషన్ గోడకు ఆనించబోతుంటే నేను అడ్డంపోయి, ముందు ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. అవతలి పక్క ఏముందని అడిగాను. పక్కవాళ్ళ వంటిల్లట. వాళ్ళ మిక్సీ ఏ గోడకు ఉంటుందో కనుక్కుని రమ్మన్నాను. ఆ అబ్బాయి మా కొడుకు మొహం చూశాడు. మా నానమ్మకు గోడల మీద కూడా అనుమానమేనని మనవరాలు నవ్వింది.

నవ్వితే నవ్వనీ. నేను అనుమానపు మనిషినే, కాదని ఎప్పుడూ అనలేదు. అనుమానం మా ఇంట్లో ఉప్పులాంటిది, ప్రతి కూరలోనూ పడేది. మా అవ్వ, అంటే మా అమ్మ, మామిడికాయ తొక్కు జాడీకి గుడ్డ కట్టి, ఆ గుడ్డకు నూలుపోగుతో ముడి వేసేది. మాది సాంచాల ఇల్లు. కరెంటుతో నడిచే మగ్గాలను మా దగ్గర సాంచాలు అంటారు. రోజంతా తెగిన పోగులను ముడివేసి బతికే వాళ్ళం కాబట్టి, ముడిని చూస్తే ఎవరి చేతిదో చెప్పగలిగేవాళ్ళం. నాన్నను బాపు అనేవాళ్ళం; బాపు ముడి చిన్నగా, జొన్నగింజంత ఉండేది. అవ్వ ముడికి రెండు తోకలు. నేను తొక్కు దొంగిలించి తిన్నప్పుడల్లా నా ముడి నన్ను పట్టించేది. ఎంత ప్రయత్నించినా అవ్వ ముడి నాకు చేతకాలేదు.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో. మానేరు ఒడ్డున ఊరు. వీధిలోకి అడుగుపెడితే ముందు గంజి వాసన, తర్వాత మోటారు నూనె వాసన, ఆ తర్వాత సాంచాల చప్పుడు. మాకు మాత్రం ఆ చప్పుడు వినపడేది కాదు. పుట్టినప్పటి నుంచి ఉన్నది కదా, చెవి దాన్ని ఎప్పుడో వదిలేసింది. చుట్టాలు వచ్చి, ఈ మోతలో ఎట్లా పడుకుంటారని అడిగితే, ఏ మోత అని అమాయకంగా అడిగేవాళ్ళం. మా పెంకుటింటి మట్టిగోడకు ఆనించి బాపు షెడ్డు వేశాడు. అందులో నాలుగు సాంచాలు. వాటిని తిప్పే మోటారును బిగించిన దూలం ఒక కొసన మా ముందరి అర్ర, అంటే ముందు గది, గోడలోనే దిగబడి ఉండేది.

ఆ ఇంట్లో మేం నలుగురం. అవ్వ, బాపు, నేను, మా చిన్నత్త. చిన్నత్త బాపుకు చెల్లెలు. ఆదిలాబాద్ దిక్కున, మరాఠీ మాటలు కలిసే బోథ్‌లో ఇచ్చారు. అక్కడివాళ్ళవి మగ్గాలు ఎప్పుడో మూలపడి, పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్ళు. ఆమె భర్త భీవండికి సాంచాల పనికి పోయి, రెండేళ్ళయినా ఉత్తరం ముక్క రాయలేదు. ఇంట్లో అడుగుపెట్టి తన కొడుకును తరిమిందని ఆమె అత్తగారు సాధిస్తుంటే, బాపు పోయి చెల్లెలిని తోలుకొచ్చాడు. మా ఇల్లు తప్ప ఆమెకు నిలబడే నీడ లేదు. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. చుడుతూ తత్వాలు పాడేది. సాంచాలు నడుస్తుంటే పెదవులు కదలడం కనిపించేది కానీ పాట వినపడేది కాదు.

ఆ ఏడు తొలి ఏకాదశికి ముందు బాపు మొహం వెలిగిపోయింది. భజన వాళ్ళ తంబుర మా ఇంటికి వస్తోంది. తొలి ఏకాదశి నుంచి కార్తీక పున్నమి దాకా అది ఒక ఇంట ఉండాలి, ప్రతి శనివారం పొద్దుగూకే వేళ ఆ ఇంట్లో భజన జరగాలి, పున్నమికి దాన్ని ధర్మపురి తీసుకుపోయి గోదావరి నీళ్ళు చల్లి తేవాలి. ఎన్నో ఏళ్ళుగా తంబుర పెద్ద పెద్ద ఇళ్ళకే పోయేది. మా గడప తొక్కడం అదే మొదలు.

దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. తంబుర నేల మీద ఆనకూడదు. ఇనుప మొలకు తగిలించకూడదు. ఏ ఇంట ఉంటే ఆ ఇంటాయన తన చేత్తో చెక్కిన కొయ్యకే వేలాడాలి. భార్యాభర్తలు కూర్చుని గురువు దగ్గర బోధ తీసుకున్నవాళ్ళే దాన్ని ముట్టాలి. బాపు, అవ్వ తీసుకున్నారు. చిన్నత్త తీసుకోలేదు, పక్కన కూర్చోవడానికి మనిషి లేడు కదా.

కొయ్య చెక్కడానికి బాపుకు వారం పట్టింది. నూలు మీద నడిచే చెయ్యి కర్ర మీద నడుస్తుందా? వడ్రంగం చేసే వడ్లాయన బాడిశ, ఉలి ఇచ్చాడు కానీ, నేను చెయ్యి పెడితే నీ కొయ్య కాకుండా పోతుందని దూరంగా కూర్చుని బీడీ తాగుతూ చూశాడు. తాత నేసిన గుంటమగ్గం దోనె అటక మీద ఉండేది. నేసిన బట్టను చుట్టుకునే గుండ్రటి దుంగ అది, ఆదిలాబాద్ టేకు. బాపు దాని కొసను మూరెడు కోశాడు. ముందు వైపు తంబుర మెడ ఇమిడేలా రెండు కొమ్ములు, వెనక వైపు గోడలో దిగే పొడుగాటి తోక. మొదటిసారి ఒక కొమ్ము విరిగింది. రెండోసారి కొమ్ముల మధ్య సందు ఎక్కువైంది. మూడో ముక్క కుదిరింది. ఆకురాయితో నున్నగా రాకి, మంచినూనె పట్టించి, మెడకు గీత పడకుండా కొమ్ములకు మెత్తటి నూలుగుడ్డ చుట్టాడు. ఆ టేకు పొట్టు వాసన, నూనె వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి.

ముందరి అర్రలో ఏ గోడకు కొట్టాలన్న దానికి ఒక పూటంతా ఆలోచించాడు. వీధి వైపు గోడకు వాన జల్లు కొడుతుంది, తంబుర బుర్ర ఉబ్బుతుంది. వంటింటి గోడకు పొగ. మూడో గోడకు తలుపు. మిగిలింది షెడ్డు వైపు గోడ. అది దొడ్డుది, పొడిది, సున్నం కూడా రాలనిది. అంత మంచి గోడ ఊళ్ళో లేదన్నాడు. బెల్లం నీళ్ళతో సున్నం కలిపి బెజ్జం నింపి, కొయ్యను దిగ్గొట్టాడు. మిగిలిన బెల్లం నేను నాకేశాను. అందరం నిలబడి కొయ్యను చూశాం. ఆ పక్క నాలుగు సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ సంగతి మా ఒక్కరికీ తట్టలేదు.

తంబుర వచ్చింది. భజనకు పెద్దగా ఉండే ఆయన తెల్లటి మీసాల మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగడు. తీగలకు శ్రుతి కట్టి కొయ్యకు తగిలించాడు. మళ్ళీ శనివారం దాకా దీని జోలికి పోవద్దన్నాడు. శనివారం వచ్చాడు, సాంచాలు ఆపారు, చాప పరిచారు, ఉడికించిన శనగ గుడాల గిన్నె తెచ్చి పెట్టారు. తంబుర ఒళ్ళోకి తీసుకుని తీగ మీటి ఆగిపోయాడు. తీగలు బిగించే బిరడాలు వదులయ్యాయి. ఆయన మళ్ళీ బిగించుకున్నాడు. కానీ పోయేటప్పుడు గడప దగ్గర ఆగి మా నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

అప్పుడు నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఎందుకంటే మంగళవారం నాడు ఎవరూ లేనప్పుడు బియ్యం డబ్బా ఎక్కి, ఒకే ఒక్క వేలితో, ఒకే ఒక్కసారి నేను తీగ మీటాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా వేలిని గౌనులో దాచుకున్నాను. అది అవ్వ చూసింది. ఏమిటని అడగకుండానే, ఒట్టి అనుమానం మీదే, ఆ వారమంతా నాకు గుడాలు లేవు, చాయ్ లేదు.

రెండో శనివారం కూడా అంతే. బాపు మనసు విరిగింది. బిరడాకు, తంబుర మెడకు కలిపి ఒక నూలుపోగు కట్టి, తన జొన్నగింజ ముడి వేశాడు. ఎవరైనా బిరడా తిప్పితే పోగు తెగుతుంది, మళ్ళీ కడితే ముడి వేరే ఉంటుంది. మూడో శనివారానికి పోగు తెగి వేలాడుతోంది. ఇక ఇల్లు ఇల్లులా లేదు. పక్కింటివాళ్ళు నిప్పు కోసం వచ్చినా అవ్వ వాళ్ళ చేతులు చూసేది. పిల్లిని కొట్టి తరిమారు. మక్కగారెలు వండిన రోజు కూడా ఎవరూ నోరారా మాట్లాడుకుంటూ తినలేదు. అనుమానం పెనుభూతం అంటారు కానీ, మా ఇంట్లో అది ఐదో మనిషై పీట వేసుకుని కూర్చుంది.

నన్ను కాపలా పెట్టారు. బడి నుంచి రాగానే తంబుర ఎదురుగా కూర్చుని కండెలు చుట్టాలి, ఎవరు వచ్చినా పోయినా అవ్వకు చెప్పాలి. దొంగకే తాళంచెవి ఇచ్చినట్టు అయిందని నాకు లోపల సంబరం. ఒక మధ్యాహ్నం చిన్నత్త లేచివచ్చి కొయ్య కింద నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుని, తంబుర బుర్రకు తగలకుండా చెవి మాత్రం దగ్గర పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంది. ఆమె మొహం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి, దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో చెప్పింది.

"ఎవలు ముట్టకున్నా అది దానంతట అదే పలుకుతుంది బిడ్డా. జర ఇను."

నేను వినలేదు. అవ్వ దగ్గరికి పరుగెత్తాను. చిన్నత్త ఆ మాట బాపుతో కూడా చెప్పింది. బాపు వచ్చి చూద్దామని సాంచాలు ఆపాడు, తంబుర మూగగా ఉంది. మళ్ళీ సాంచాలు పెట్టాక ఆ మోతలో ఏం వినపడుతుంది? మాకు వినపడేంత నిశ్శబ్దం ఉన్నప్పుడు అది పలకదు, అది పలికేటప్పుడు నిశ్శబ్దం ఉండదు. తప్పు చేసి కథలు అల్లుతోందని అవ్వ తేల్చేసింది.

భాద్రపదం పోయే ముందు శనివారం అనుకుంటా, మళ్ళీ పోగు తెగింది. భజన పెద్దాయన తంబురను ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. కోపం లేదు, ఎవరినీ ఏమీ అనను, ఇంటివాళ్ళు ఒక్కొక్కరు దీని మీద చెయ్యి పెట్టి మేం ముట్టలేదని అంటే చాలు, పిల్లకు ప్రమాణం వద్దు. బాపు పెట్టాడు. అవ్వ పెట్టింది. చిన్నత్త ముందుకు వచ్చి, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

"ముట్టలేదని చెప్పుతందుకు ముట్టుమంటరా? బోధ లేని చెయ్యి. ఇయ్యాల్టిదాంక ముట్టలే, ఇప్పుడూ ముట్ట."

ప్రమాణానికి తప్పు లేదు, నేను చెబుతున్నాను కదా అన్నాడాయన. ఆమె తల అడ్డంగా ఊపింది. చాప మీద కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నిప్పు లేందే పొగ రాదని ఎవరో గొణిగారు. బాపు తల దించుకున్నాడు. ఇన్నేళ్ళకు గడప తొక్కిన తంబుర, వచ్చే ఏడు ఇంకో ఇంటికి ఏమని చెప్పి పోతుంది? అప్పుడు పెద్దాయన నా దిక్కు తిరిగి, రోజూ నువ్వు అక్కడే కూర్చుంటావు కదా, ఏమన్నా చూశావా అని అడిగాడు.

అందరి కళ్ళూ నా మీద. నా ఒక్క వేలి సంగతి వాళ్ళకు తెలిసిపోతుందేమోనని నా గుండె సాంచాలా కొట్టుకుంది.

"చిన్నత్త ముట్టంగ చూసిన," అన్నాను. అది చాలదేమోనని, "నా రెండు కండ్లతోని చూసిన," అన్నాను.

చిన్నత్త నన్ను తిట్టలేదు. ఆశ్చర్యపోయినట్టు చూసి లోపలికి పోయింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, అది నిజమే. ఉండమని కూడా ఎవరూ అనలేదు. రెండు రోజులకు తనే బట్టలు మూట కట్టుకుంది. బోథ్‌కు తప్ప ఎక్కడికి పోతుంది? అవ్వ పొద్దున్నే లేచి సర్వపిండి కాల్చి, దారిలో తినమని కట్టి ఇచ్చింది. పొగకు కళ్ళు మండుతున్నాయంది. బస్సు కదిలాక నేను వేలి సంగతి ఇక ఎవరికీ తెలియదని ఊపిరి పీల్చుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

సరిగ్గా ఆ వారమే నూలు ధర పెరిగిందని షావుకార్లు పని ఇవ్వడం ఆపేశారు. ఊరంతా సాంచాలు బంద్. దసరా వచ్చి పోయింది, దీపావళి వచ్చింది, మా షెడ్డుకు తాళం తియ్యలేదు. తంబుర శ్రుతి వెంట్రుకవాసి కూడా తప్పలేదు. బాపు కట్టిన పోగు కట్టినట్టే ఉంది. ప్రతి శనివారం భజన పెద్దాయన తీగ మీటి తలాడించేవాడు. ఇంకేం రుజువు కావాలి? మనిషి పోయింది, తప్పూ పోయింది. అవ్వ కూడా జాడీకి ముడి వేయడం మానేసింది. నేనే ఒక్కోసారి రాట్నం ఖాళీగా ఉన్న మూలను చూసేదాన్ని.

కార్తీకం మొదట్లో పని వచ్చింది. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. నాలుగో రోజు మధ్యాహ్నం బాపు చెంబు కోసం ముందరి అర్రలోకి వచ్చి ఆగిపోయాడు. పోగు తెగి వేలాడుతోంది. ఇంట్లో ఉన్నది నేనూ అవ్వా. ఆయన నా దిక్కు చూడలేదు. పోగు కొసను వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు, వెలుతురులో పట్టి చూశాడు. చేత్తో తెంపిన పోగు కొస మొనదేలి ఉంటుంది. ఇది చీపురులా విచ్చుకుని, నూగు లేచి ఉంది. ఇట్లాంటి కొసలను ఆయన పుట్టినప్పటి నుంచి రోజుకు వంద చూశాడు.

"గిది తెంపింది కాదు. రాసుకొని రాసుకొని అరిగింది," అన్నాడు. నాతో కాదు, పోగుతో అన్నట్టు.

తర్వాత గోడ మీద అరచెయ్యి పెట్టాడు. షెడ్డులోకి పోయి మోటారు ఆపి వచ్చి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ మోటారు పెట్టి వచ్చి, ఈసారి నా చెయ్యి పట్టుకుని తన చెయ్యి పక్కన ఆనించాడు. గోడ వణుకుతోంది. కొయ్య వణుకుతోంది. కొయ్య మీది తంబుర తీగలు కంటికి రెండుగా కనిపిస్తున్నాయి. చెవి దగ్గర పెడితే సన్నగా, తేనెటీగలా ఒకటే పలుకు. వణికి వణికి బిరడాలు వదులవుతున్నాయి. మేం సాంచాల మోతను మరిచిపోయినట్టే, గోడ వణుకును కూడా మరిచిపోయాం. అది మా నేతవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. కొత్త మనిషి ఎవరైనా ఆ ఇంట్లో అడుగుపెట్టగానే చెప్పేసేవాడు.

బాపు పీట మీద కూలబడ్డాడు. ఆ సాయంత్రమే కొయ్యను పెకలించి వంటింటి గోడకు కొట్టాడు. పొగకు నల్లబడితే పడనీ అన్నాడు. శనివారం భజన వాళ్ళకు గోడ సంగతి చెప్పాడు. వాళ్ళు మోటారు నడిపించి, వంతులవారీగా చెయ్యి పెట్టి చూసి వింతపోయారు, నవ్వుకున్నారు, గుడాలు తిన్నారు. చిన్నత్త పేరు ఒక్కరూ ఎత్తలేదు. అనుమానించడానికి అంతమంది నోళ్ళు లేచాయి, నిజం తేలిన రోజు మాత్రం అన్ని నోళ్ళలోనూ శనగలే ఉన్నాయి. మనుషుల మీద నాకు నమ్మకం తగ్గింది ఆ రోజే. బాపు నన్ను ఏమీ అడగలేదు. అడుగుతాడేమోనని నేను ఆయనకు ఎదురుపడకుండా తిరిగాను.

పున్నమి పోయాక బాపు నన్ను వెంటబెట్టుకుని బోథ్ పోయాడు. పత్తి తీసే రోజులు. చిన్నత్త చేలోంచి వచ్చింది. పత్తికాయల మొనలు గీరుకుని వేళ్ళన్నీ పుండ్లు. మాటలో అప్పుడే అక్కడి యాస దిగింది, పక్కావిడ ఆమెను మరాఠీ తీరున బాయి అని పిలుస్తోంది. వేడి జొన్నరొట్టెలు చేసి, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా పెట్టి, మాకు వడ్డించి ఎదురుగా కూర్చుంది. బాపు రొట్టె తుంచి చేతిలోనే పట్టుకున్నాడు.

"సాంచాలే చెల్లె. గోడ వణికి బిరడాలు వదులైనయి. తప్పు మాది. ఇంటికి రా."

"నేను చెప్పలేదా అన్నా, దానంతట అదే పలుకుతుందని," అంది ఆమె. గెలిచినట్టు అనలేదు. ఆ పలుకు గుర్తొచ్చి, ఒక్క క్షణం మొహం తేటపడింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఇప్పుడొస్త సరే. రేపు ఇంట్ల ఇంకోటి ఏదన్న పోతది. అప్పుడు అందరు మొదలు నా దిక్కే చూస్తరు. నేను రాను."

బాపు ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే. చిన్నత్త ఆయన కంచంలో ఇంకో రొట్టె వేసి, నా దిక్కు తిరిగింది.

"మరి నువ్వేం చూసినవ్ బిడ్డా?"

దెప్పడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. రెండు కళ్ళతో చూశానని అంతమంది ముందు చెప్పింది కదా ఈ పిల్ల, ఏదో ఒకటి చూసే ఉంటుంది, తనకు తెలియకుండా తన చెయ్యి తగిలిందేమో అని ఇన్ని రోజులూ తన చేతుల మీద తనే అనుమానపడినట్టుంది. నేను నోట్లో రొట్టె కుక్కుకున్నాను. కారం నషాళానికి ఎక్కింది, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. కారానికి అనుకుని ఆమె లేచి వెళ్ళి నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆమె భర్త తిరిగి రాలేదు, ఆమె మా ఇంటికి రాలేదు. నా పెళ్ళికి వచ్చి పందిట్లో దూరంగా నిలబడి అక్షింతలు వేసి పోయింది. నా పిల్లలను తీసుకుని నేను నాలుగైదు సార్లు బోథ్ పోయాను. పోయినప్పుడల్లా రొట్టెలు చేసి పెట్టేది. వయసు మీద పడి చూపు తగ్గాక, నా మొహం చేతులతో తడిమి చూసేది. ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. చివరిసారి నేను వెళ్ళేసరికి మంచం మీద ఎవరూ లేరు.

ఇంకొక్కసారి అడిగి ఉంటే నిజం చెప్పేదాన్నని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఈ మధ్య ఆ మాట మీద కూడా నాకు అనుమానమే.